షోరూమా? షెడ్డా?

కొత్త కారుకు ఉచిత సర్వీసులు అయిపోయి మొదటిసారి పెద్ద బిల్లు చేతికొచ్చిన రోజున చాలా ఇళ్లలో ఒకే చర్చ లేస్తుంది. "షోరూమ్ వాళ్లకు అంత డబ్బు ఎందుకు పొయ్యాలి బావా? మన మెకానిక్ దగ్గరికి తీసుకుపో, సగంలో అయిపోతుంది" అంటాడు బావమరిది. "బయట చెయ్యి పెట్టించావంటే వారంటీ పోతుందిరా అబ్బాయ్. రేపు ఇంజనుకు ఏమన్నా అయితే ఎవర్ని అడుగుతావు?" అంటాడు పెదనాన్న. చివరికి కారు ఎక్కడో ఒకచోటికి వెళ్తుంది. చర్చ మాత్రం తేలదు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ నిజాలు నిన్నమొన్న పుట్టినవి కావు. కారు బాగుచేయడానికి రెండే కావాలి: పని తెలిసిన చెయ్యి, చేతికందే సామాను. ఈ రెండూ ఎప్పుడు ఎవరి గుప్పిట్లో ఉంటే కారు యజమాని అప్పుడు వాళ్ల గుమ్మం తొక్కాడు. మన దేశంలో నూరేళ్ల పైచిలుకు కాలంలో ఆ గుప్పిళ్లు చాలాసార్లు మారాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆంధ్ర ప్రాంతానికి కారంటే మద్రాసు. జమీందారులైనా, పేరున్న ప్లీడర్లయినా కారు కొనాలంటే మౌంట్ రోడ్డుకే వెళ్లాలి. అక్కడి సింప్సన్ కంపెనీ 1840లో గుర్రబ్బళ్లు కట్టే సంస్థగా మొదలైంది. 1903లో ఆ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరితో నడిచే కారును మద్రాసులోనే తయారుచేశాడు. బండి కట్టడం తెలిసిన కంపెనీలే మోటార్ల వ్యాపారంలోకి దిగాయి కాబట్టి అమ్మకం, మరమ్మతు అన్న రెండు వేర్వేరు పనులు అప్పట్లో లేవు. కారు అమ్మిందీ వాళ్లే, ఓడలో సామాను తెప్పించిందీ వాళ్లే, విప్పి బిగించిందీ వాళ్లే. ఊళ్లో కారు ఆగిపోతే దిక్కు డ్రైవరే. అందుకే ఆనాటి డ్రైవరుకు స్టీరింగు పట్టడం ఒక్కటే వస్తే చాలదు. మోటారు గుట్టు కూడా తెలిసి ఉండాలి.

హైదరాబాదులో ఈ కథ దివాణంలో మొదలైంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన చనిపోయాక గానీ ఊరు చేరలేదు. దాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడింది లేదు. ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. అయితే నగరంలో మోటారు పని నేర్చుకున్న చేతుల సంఖ్య పెరిగింది దివాణం కార్ల వల్ల కాదు, బస్సుల వల్ల. నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. తర్వాతి కాలంలో ఏపీఎస్ఆర్టీసీకి మూలం అదే. ప్రభుత్వమే బస్సులు నడిపితే ప్రభుత్వమే డిపోలు, వర్క్‌షాపులు పెట్టుకోవాలి. ఆ వర్క్‌షాపుల్లో పని నేర్చినవాళ్లు, అప్రెంటిస్‌గా చేరి బయటికొచ్చినవాళ్లు తరతరాలుగా ఊరూరా సొంత షెడ్లు వేసుకున్నారు.

ఇంకా దక్షిణాన, తమిళ ప్రాంతంలో ఇలా చేతులకు మోటారు పని నేర్పింది టీవీఎస్. టి.వి. సుందరం అయ్యంగార్ 1911లో మదురైలో సంస్థను స్థాపించి బస్సులు నడిపాడు. తర్వాత అమెరికన్ బళ్ల డీలరుగా, మరమ్మతుల సంస్థగా ఎదిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు కరువొచ్చినప్పుడు బస్సుల వెనక బొగ్గు గ్యాసు పొయ్యిలు కట్టారు. తెలుగు జిల్లాల్లో కూడా పాతతరం వాళ్లు "బొగ్గు బస్సు" అని చెప్పుకునేది వాటి గురించే. ఆ పొయ్యి రాజేసి, మసి తోడి, ఇంజను ఆగినచోటే విప్పి బిగించి, ప్రయాణికులు దిగి చెట్టు కింద కూర్చుని ఉండగా బస్సును మళ్లీ నడిపించిన మనుషుల్లోంచే స్వతంత్ర మెకానిక్ పుట్టాడు. కంపెనీ పుస్తకాల్లో లేని మరమ్మతు అది.

స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి తారుమారైంది. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో విదేశీ భాగాలు తెచ్చి కార్లు బిగించేది; ఫోర్డ్ కూడా అదే పని చేసేది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు తర్వాత ఇక్కడే భాగాలు తయారుచేస్తామన్న కంపెనీలకే చోటు దక్కింది. ఆ రెండూ తట్టాబుట్టా సర్దుకున్నాయి. మిగిలినవి మూడే: ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. కారు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. చేతికొచ్చిన కారును ఇరవయ్యేళ్లు నడపక తప్పదు. కొత్త మోడల్ అంటే గ్రిల్లు మారడమే తప్ప లోపలి యంత్రం మారేది కాదు.

స్వతంత్ర మెకానిక్‌కు అంతకు మించిన స్వర్ణయుగం లేదు. ఒకసారి నేర్చిన పని ముప్పై ఏళ్లు తిండి పెట్టింది. కారు అమ్మిన డీలరు జిల్లా కేంద్రంలోనో మద్రాసులోనో ఉంటే, బాగుచేసే మనిషి బస్టాండు వెనకే ఉన్నాడు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను సామాను మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనూ, హైదరాబాద్ పుత్లీబౌలి, రాణిగంజ్‌లలోనూ దొరికేది. కొత్తది దొరకకపోతే మద్రాసు పుదుపేటలో పాత బండి నుంచి విప్పినది దొరికేది. అదీ లేకపోతే లేత్ మీద తిప్పించేవాళ్లు.

ఆ పనితనాన్ని దగ్గర్నుంచి చూడాలి. అంబాసిడర్ మొరాయిస్తే మేస్త్రీ ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీసేవాడు. పాయింట్లు నల్లబడి ఉంటే గరుకు కాగితంతో రుద్ది, వాటి మధ్య సందు సరిచేసేవాడు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 15 భాగాలంత సందు ఉండాలి. ఫీలర్ గేజ్ ఉంటే దాంతో, లేకపోతే కంటిచూపుతో. తర్వాత కార్బొరేటర్ స్క్రూ పావు మలుపు బిగించి, అర మలుపు వదులుచేసి చెవి ఒగ్గేవాడు. లోపల ఎక్కడో టకటక వినిపిస్తే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి పిడి చెవికి పెట్టుకునేవాడు. ఏ సిలిండరులో చప్పుడో, అది ట్యాపెట్టో బేరింగో దాంతోనే చెప్పేవాడు. సైలెన్సరు నుంచి నీలిపొగ చూడగానే "రింగులు పోయినయ్, బండి బోరుకొచ్చింది" అని తేల్చేవాడు. విప్పి చూస్తే చాలాసార్లు ఆ మాటే నిజమయ్యేది. ఈ విద్యకు పుస్తకం లేదు, సర్టిఫికెట్టు లేదు. అయినా అది విద్యే. దాన్ని తక్కువచేసి మాట్లాడేవాళ్లు ఆ రోజుల్లో రాత్రిపూట రోడ్డు మీద బండి ఆగిపోయినవాళ్లు కాదు.

ఈ విద్య ఒక ఊరంతగా పెరిగింది బెజవాడలో. కలకత్తా - మద్రాసు దారి, హైదరాబాద్ నుంచి బందరు పోయే దారి అక్కడ కలుస్తాయి. డెల్టా బియ్యం మోయడానికి లారీలు, ఆ లారీలకు డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లు. ఊరి నడిబొడ్డున రోడ్ల పక్క పెరిగిన షెడ్లకు 1960ల్లో ఊరి అంచున విడిగా చోటు చూపించారు. అదే జవహర్ ఆటోనగర్. తర్వాత గుంటూరు, గాజువాక, రాజమండ్రి, నెల్లూరు, హైదరాబాద్ శివారు, ఇలా తెలుగునాట పెద్ద ఊరన్నదల్లా తనకో ఆటోనగర్ కట్టుకుంది.

ఆటోనగర్ గొప్పతనం పని పంచుకోవడంలో ఉంది. ఒక షెడ్డులో అన్నీ చేయరు. ఇంజను ఒకరు, గేర్‌బాక్సు ఒకరు, డీజిల్ పంపు ఒకరు, కరెంటు పని ఒకరు. రేడియేటరు అతుకు వేసేవాడు వేరు, కమాను కట్టలు సాగదీసేవాడు వేరు, క్రాంకు గ్రైండింగు చేసే లేత్ వేరు. టింకరింగు ఒక వీధి, పెయింటు ఇంకో వీధి, సీట్లు కుట్టేవాళ్లు మరో వరస. పాత టైర్లకు కొత్త రబ్బరు వేసేవాళ్లు, లారీకి క్యాబిన్ నుంచి తొట్టి దాకా బాడీ కట్టేవాళ్లు ఇంకా అవతల. డీజిల్ పంపు పనికి బెంగళూరు మైకో కంపెనీ గుర్తింపు ఉన్న షాపులుండేవి. అక్కడ పంపును టెస్టు బెంచీ మీద పెట్టి ఏ నాజిలుకు ఎంత డీజిల్ పోతోందో గాజు గొట్టాల్లో కొలిచేవాళ్లు. పేరుకు చిన్న షెడ్లే గానీ అన్నీ కలిపితే ఏ డీలరుకూ లేనంత పెద్ద వర్క్‌షాపు. లారీల కోసం ఏర్పడిన ఈ వ్యవస్థ మీదనే అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు బతికాయి.

ఇందులో చీకటి కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఈ విద్యలో చాలాభాగం పదేళ్ల పిల్లల వీపుల మీద నిలబడింది. బడి మాని షెడ్డులో చేరిన కుర్రాడు మొదటి రెండేళ్లు పానాలు అందించడం, కిరసనాయిల్లో భాగాలు కడగడం, టీలు తేవడం చేసేవాడు. జీతం ఉండేది కాదు, తిండి, పండక్కి బట్టలు. పాతబస్తీలో ఉస్తాద్ - శాగిర్ద్ అని, కోస్తాలో మేస్త్రీ - కుర్రాడు అని పేరేదైనా పద్ధతి ఒకటే. ఉస్తాద్ కన్నెర్ర చేస్తే చెంప పగిలేది, కరుణిస్తే బతుకుతెరువు దొరికేది. బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చింది. 2016 సవరణతో పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం దాదాపు పూర్తిగా నిషిద్ధమైంది. ఇది కావలసిన మార్పే. అయితే ఆ పిల్లలు నేర్చిన విద్యను బడి ద్వారా, ఐటీఐ ద్వారా అందించే ఏర్పాటు అదే వేగంతో రాలేదు. ఇవాళ షెడ్ల యజమానులు మనుషులు దొరకడం లేదంటారు. ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు యూనిఫాం, పీఎఫ్ ఉన్న షోరూమ్ వైపే చూస్తున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

గుప్పిళ్లు మళ్లీ మారింది 1983 డిసెంబరు 14న. గుర్గావ్ ఫ్యాక్టరీలో తయారైన మొదటి మారుతీ 800 తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ ఒక సామాన్య కొనుగోలుదారుడి చేతిలో పెట్టిన రోజు అది. 796 సీసీ, మూడు సిలిండర్లు, చిన్న బానెట్టు. అంబాసిడర్‌కు అలవాటుపడ్డ చేతులకు అది చాలా ఇరుకు బండి. జపాన్ కొలతల్లో చేసిన భాగాలకు సుత్తి దెబ్బ పనికిరాదు. రుద్ది సరిపెట్టడం కుదరదు. అరిగింది తీసేసి కొత్తది వేయాల్సిందే. మరమ్మతు చేసే పని క్రమంగా మార్చే పనిగా మారడం మొదలైంది అక్కడే.

మారుతీ ఇంకో తెలివైన పని చేసింది. ఒక్క డీలర్లతోనే దేశమంతా సర్వీసు ఇవ్వలేమని గ్రహించి, బయటి గ్యారేజీల్లో మంచివాటిని ఎంచి, పరికరాలు, శిక్షణ ఇచ్చి, మారుతీ ఆథరైజ్డ్ సర్వీస్ స్టేషన్ బోర్డు తగిలించుకోనిచ్చింది. నిన్నటిదాకా ఫియట్లు విప్పిన షెడ్డు మీద కంపెనీ నీలిరంగు బోర్డు వెలిసింది. సామాను సీలు వేసిన పెట్టెల్లో జెన్యూన్ పార్ట్స్ పేరుతో వచ్చింది. రేటు పట్టిక గోడకెక్కింది. మధ్యతరగతి వాడికి ఇది నిజంగా మేలు చేసింది. మెకానిక్ ఎంత అడుగుతాడో, వేసిన సామాను అసలుదో నకిలీదో అన్న దిగులు తగ్గింది. కంపెనీ సర్వీసు మీద ఈ దేశంలో నమ్మకం అంటూ ఏర్పడింది మారుతీతోనే. ఆ నమ్మకాన్ని తర్వాత వచ్చిన కంపెనీలన్నీ వాడుకున్నాయి.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సులు ఎత్తేశాక డేవూ సియెలో, ఫోర్డ్ ఎస్కార్ట్, ఓపెల్ ఆస్ట్రా వరసగా దిగాయి. 1998 ఒక్క ఏడాదిలోనే హోండా సిటీ, హ్యుందయ్ శాంట్రో, డేవూ మ్యాటిజ్, టాటా ఇండికా వచ్చాయి. మోడళ్లు పెరిగాయి గానీ ఒకదాని సామాను ఇంకోదానికి పట్టదు. ముప్పై ఏళ్లు మూడు కార్లు నేర్చుకుంటే చాలిన మేస్త్రీ ముందు ఒక్కసారిగా డజను ఇంజన్లు నిలబడ్డాయి.

అదే సమయంలో కార్బొరేటర్ కాలం చెల్లింది. 1995 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కేటలిటిక్ కన్వర్టర్, సీసం లేని పెట్రోలు వచ్చాయి. ఢిల్లీ గాలి కేసులో సుప్రీంకోర్టు 1999లో యూరో పొగ ప్రమాణాలకు గడువు పెట్టింది. 2000లో మారుతీ 800 కూడా కార్బొరేటర్ వదిలి ఎంపీఎఫ్ఐకి, అంటే ఎలక్ట్రానిక్ అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతికి మారింది. ఎంత పెట్రోలు, ఎప్పుడు, ఏ సిలిండరుకు అన్నది ఇప్పుడు స్క్రూ చెప్పదు, ఈసీయూ అనే చిన్న పెట్టె చెబుతుంది. చెవికి పెట్టుకున్న స్క్రూడ్రైవరు ఆ పెట్టె మాట వినిపించలేదు. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే పి 0300 లాంటి కోడ్ వస్తుంది, అంటే సిలిండర్లలో మంట సరిగా అంటుకోవడం లేదని. ఆ కోడ్ ఎందుకొచ్చిందో తేల్చుకోవాలంటే కంపెనీ మాన్యువల్ కావాలి, కొన్నిటికి కంపెనీ సాఫ్ట్‌వేరే కావాలి. అవి బయటివాళ్లకు ఇవ్వలేదు. చేతిలో పనితనం మెకానిక్ దగ్గరే ఉన్నా, బండి గుట్టు కంపెనీ పెట్టెలోకి వెళ్లిపోయింది.

సామాను కూడా అంతే. కారులో చాలా భాగాలు కార్ల కంపెనీలు సొంతంగా చేయవు. బ్రేకులు, క్లచ్‌లు, ఫిల్టర్లు, స్టార్టర్ మోటార్లు వేరే తయారీదారులు చేసి ఇస్తారు. అదే తయారీదారు తన సొంత పెట్టెలో పెట్టి బజారులో అమ్మితే ధర తగ్గుతుంది. చాలా కంపెనీలు ఒప్పందాలతో ఆ దారిని మూశాయి. ఫలానా హెడ్‌లైటు, ఫలానా సెన్సరు షోరూమ్‌లో తప్ప దొరకదు. మెకానిక్ అడిగితే అమ్మరు. కారుతో వస్తే వేసి ఇస్తారు, వాళ్ల ధరకు, వాళ్ల కూలీతో.

దీన్ని ఒక కొనుగోలుదారు ప్రశ్నించాడు. శంషేర్ కటారియా అనే వ్యక్తి 2011లో హోండా, వోక్స్‌వ్యాగన్, ఫియట్ కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేశాడు. దర్యాప్తు మొదలయ్యాక ఇది మూడు కంపెనీల సంగతి కాదని, పరిశ్రమ అంతటి పద్ధతి అని తేలి విచారణను మిగతా కంపెనీలకూ విస్తరించారు. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తన కారు విడిభాగాల బజారులో ప్రతి కంపెనీదీ గుత్తాధిపత్యమేనని, దాన్ని వాడుకుని బయటి గ్యారేజీల నోరు నొక్కుతున్నారని, ధరలు ఇష్టారాజ్యంగా పెంచారని చెప్పింది. విడిభాగాలు, సాంకేతిక వివరాలు, స్కాన్ చేసే పరికరాలు బయటి మరమ్మతుదారులకూ దొరకాలని ఆదేశించింది.

ఆ తీర్పులో సామాన్య కారు యజమానికి అన్నిటికన్నా పనికొచ్చే ముక్క వారంటీ గురించినది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టకూడదు. బయట చేసిన తప్పుడు పని వల్లనే నష్టం జరిగితే ఆ మేరకే వారంటీ నిరాకరించవచ్చు అని కమిషన్ స్పష్టంగా చెప్పింది. అమెరికాలో ఇలాంటి రక్షణ 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం నుంచీ ఉంది. మన దగ్గర కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కొన్ని కంపెనీల అప్పీళ్ల మీద 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ తప్పును ఖరారు చేస్తూనే, జరిమానా లెక్కను మొత్తం టర్నోవరు మీద కాక విడిభాగాల వ్యాపారం మీద కట్టింది. వ్యవహారం అంతటితో ఆగక సుప్రీంకోర్టుకెక్కింది. ఈలోగా వారంటీ పోతుందన్న భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, మోటారు వాహనాలను కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మంచి మొదలే. మాన్యువల్ బయటపెట్టని కంపెనీని శిక్షించే కోరలు మాత్రం పోర్టల్‌కు ఉండవు.

షోరూమ్ వైపు యజమానిని నెట్టిన ఇంకో చెయ్యి ఇన్సూరెన్స్. బంపరుకు దెబ్బ తగిలితే క్యాష్‌లెస్ సౌకర్యం ఎక్కువగా దొరికేది కంపెనీ సర్వీసు సెంటర్లలోనే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ధర యజమానే పెట్టుకోవాలి. జీరో డిప్రిసియేషన్ తీసుకుంటే ఆ బాధ ఉండదు. అప్పుడిక బిల్లు ఎంతైతే ఏం అనిపిస్తుంది. టింకరింగుతో సరిపోయే తలుపుకు కొత్త తలుపే వేస్తారు. ఆటోనగర్లో సొట్టలు తీసే టింకరు చేతికి పని తగ్గడానికి ఇదొక కారణం.

అయితే కంపెనీ బోర్డు శాశ్వతం కాదని కూడా చరిత్రే చెప్పింది. డేవూ మాతృసంస్థ 2000లో దివాలా తీశాక ఇక్కడి వ్యాపారమూ కూలిపోయింది. సియెలో, మ్యాటిజ్ కొన్నవాళ్లకు షోరూమ్ తలుపులు మూసుకున్నాయి. ఆ కార్లను తర్వాత రోడ్డు మీద నిలబెట్టింది బయటి మెకానిక్‌లే. ఏ కారు భాగం దేనికి సరిపోతుందో వెతికి, పాత బండ్ల నుంచి విప్పి తెచ్చి నడిపించారు. జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. సర్వీసు కొనసాగిస్తామని రెండూ మాట ఇచ్చాయి. అయినా అమ్మకం లేని డీలరు ఎంతకాలం షెడ్డు తెరిచి ఉంచుతాడు? అలాంటి కారు ఉన్నవాళ్లను అడిగితే చెబుతారు, నమ్మకమైన మెకానిక్ నంబరు ఎంత విలువైనదో.

బయటి మెకానిక్‌ను ఆకాశానికెత్తడం కూడా న్యాయం కాదు. నకిలీ ఆయిల్ ఫిల్టరు, నకిలీ బ్రేక్ ప్యాడ్ ప్రాణాల మీదికి తెస్తాయి. బిల్లివ్వని షెడ్డులో వేసిన భాగం నెలకే పోతే అడిగే దారి లేదు. 2019 నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ ప్రమాణాలు వచ్చి డీజిల్ కార్ల పొగగొట్టంలోనే ఒక చిన్న రసాయన కర్మాగారం తయారైంది. వీటిని చూచాయగా తెలిసిన చెయ్యి కెలికితే పని మరింత చెడుతుంది. అటు షోరూమ్‌లోనూ సర్వీస్ అడ్వైజర్‌కు నెలవారీ లక్ష్యాలుంటాయి. ఇంజను లోపలి మసి తీస్తామని, ఏసీ శుద్ధి చేస్తామని, అడుగున కోటింగు వేస్తామని చిట్టాలో చేర్చే వాటిలో చాలావరకు కంపెనీ మాన్యువల్‌లో ఉండవు. కొత్త కారు అమ్మకంలో డీలరుకు మిగిలేది తక్కువ. ఆ లోటు సర్వీసులోనే పూడ్చుకోవాలి.

స్కానర్ కొనుక్కుని, ఫోన్లో వీడియోలు చూసి, ఒకరికొకరు చెప్పుకుని నేర్చుకుంటున్న మెకానిక్‌లు ఇప్పుడు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. పాతతరంలో చదువు లేకుండా కార్బొరేటర్ గుట్టు పట్టినవాళ్ల వారసులే వీళ్లు. వీళ్లకు కావలసింది దయ కాదు, సమాచారం. విద్యుత్ కార్లు వచ్చేసరికి ఆ సమాచారం ఇంకా దూరమైంది. బ్యాటరీకి కంపెనీలు సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. యజమానికి అది భరోసా. బయటి మెకానిక్‌కు మాత్రం ఎనిమిదేళ్లపాటు ఆ బానెట్టు ఎత్తే అవకాశమే రాదు. ఎనిమిదేళ్లు చెయ్యి పెట్టని పని ఎవరికి వస్తుంది? ఐటీఐల్లో హైవోల్టేజీ పని నేర్పే బెంచీలు పెట్టి, ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్లకు సాయంత్రం తరగతులుగా తెరవడం రెండు తెలుగు ప్రభుత్వాలకూ తలకు మించిన పని కాదు.

ఇక ఆ బావమరిదికీ పెదనాన్నకూ చెప్పగలిగింది ఇది. వారంటీ నడుస్తున్నంత కాలం మాన్యువల్‌లో రాసిన సర్వీసులు కంపెనీ దగ్గరే చేయించండి, మాన్యువల్‌లో లేనివి వద్దనండి. ఎయిర్‌బ్యాగులు, సాఫ్ట్‌వేర్, బ్యాటరీ ప్యాకు వాళ్లకే వదలండి. క్లచ్, సస్పెన్షన్, బ్రేకులు, రేడియేటరు, టింకరింగు లాంటి పనులకు వారంటీ దాటిన కారును పేరున్న షెడ్డుకు నిశ్చింతగా తీసుకెళ్లండి. భాగం మీరే కొనివ్వండి, లేదా ఏ కంపెనీదో పెట్టె చూడండి. తీసిన పాత భాగం అడిగి తీసుకోండి. ఎక్కడ చేయించినా బిల్లు తీసుకుని భద్రపరచండి. బయట చేయించినందుకు మీ వారంటీ మొత్తం రద్దయిందని ఎవరైనా అంటే, ఏ పని వల్ల ఏ భాగం చెడిందో కాగితం మీద రాసివ్వమనండి. ఆ ప్రశ్నకు 2014 ఆగస్టు 25 నాటి కాంపిటీషన్ కమిషన్ ఆదేశమే ఆధారం.